ఏడాది చివర ఫోటోల లెక్క: మేనకోడలికి ఒక లేఖ

చిరంజీవి మేనకోడలికి మామయ్య దీవించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. ఈ ఏడాది ఫోటోల గురించీ, వచ్చే ఏడాది చేయదలచిన పనుల గురించీ నువ్వు పంపిన జాబితా చదివాను. అందులో సగం కొనవలసిన లెన్సులు, మిగతా సగం ఇన్‌స్టాగ్రామ్‌లో అందుకోవలసిన అంకెలు. ఏ ఫోటో తీయాలని ఉందో మాత్రం ఎక్కడా లేదు. కనుక దానిని పక్కన పెట్టి, ముందు తీసినవాటితో ఒక ఆదివారం తీరికగా కూర్చో.

ఎవరెవరు మెచ్చుకున్నారన్నది మరచిపోయి, ఫోటోలు సర్దుకునే సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో నెలవారీగా తెరిచి, ఇప్పటికీ నీ కంటికి ఆనుతున్న ఒక నలభై ఏరి, పోస్టుకార్డు సైజులో ప్రింట్లు వేయించు. ఫోనులో వేలితో తోసేస్తూ చూసినంతసేపు ప్రతిదీ బాగానే ఉన్నట్టుంటుంది; నేల మీద వరుసగా పరిచినప్పుడే ఒకే ఎత్తు నుంచి, ఒకే దూరం నుంచి, ఒకే రకం వెలుగులో తీస్తూ వచ్చిన మన అలవాట్లు బయటపడతాయి. ఆ తరువాత అవే ఫోటోలను ఫోకల్ లెంగ్త్ (లెన్సు దూరాన్ని ఎంత దగ్గరకు లాగిందో చెప్పే అంకె) వారీగా వడపోసి చూడు. ఎక్కువ భాగం 200 మిల్లీమీటర్ల దగ్గర తేలితే, అన్నీ దూరం నుంచి లాగి తీసినవేనని, నీకు కావలసింది కొత్త లెన్సు కాదు, దగ్గరికి వెళ్ళడమని తెలిసిపోతుంది.

నాకు పంపిన, మన చెన్నై చేపల రేవు కాశిమేడు ఫోటోలే ఇందుకు సాక్ష్యం. ఐసు పెట్టె పక్కన నిలబడి వంజరం చేపను తూకానికి ఎత్తుతున్న ఆమెను చూడు. చేప వీపు మీద ఉదయపు వెలుగు చక్కగా పడింది గాని, ఆమె కుడి మణికట్టు ఫ్రేము అంచున తెగిపోయింది, వెనకనున్న నీలం డ్రమ్ము ఆమె తల మీద కిరీటంలా నిలిచింది. దూరం నుంచి దొంగచాటుగా తీస్తే ఇంతే. నాలుగడుగులు ముందుకు వేసి, చేప ధర అడిగి, నిలబడే చోటు మార్చుకొని ఉంటే ఆ చెయ్యి తెగేది కాదు.

ఇక వచ్చే ఏడాదికి ఒక్క విషయం చాలు, అది కూడా కాశిమేడే అయితే మంచిదని నా అభిప్రాయం. వేలం పాటనూ చేపల గుట్టలనూ తీయడానికి ఆదివారం పొద్దున్నే కెమెరాలు బారులు తీరతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరపడవలకు వేట నిషేధం ఉంటుంది కదా, అప్పుడు వెళ్ళు. ఒడ్డుకు లాగిన పడవల అడుగుభాగాలను గీకి రంగులు వేయడం, ఇంజన్లు విప్పడం, వలలు పరచుకొని కూర్చొని బాగుచేయడం, చేతిలో డబ్బు ఆడక అప్పులు లెక్కపెట్టుకోవడం, ఇదంతా ఎక్కువగా జరిగేది ఆ రెండు నెలల్లోనే. ఆంధ్ర తీరం నుంచి వచ్చి ఆ పడవల మీద పనిచేసేవాళ్ళూ ఉంటారు, తెలుగులో పలకరించు. మొదటి వారం కెమెరా సంచిలోనే ఉన్నా నష్టం లేదు. తీసిన ఫోటోలలో ఒకటి ప్రింటు వేయించి తీసుకువెళ్ళి ఇస్తే, మరుసటి వారం వాళ్ళే పిలుస్తారు.

ఒక్క విషయానికి ఏడాది ఎందుకని అడుగుతావేమో. 1856లో మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వ ఫోటోగ్రాఫరుగా నియమితుడైన లినేయస్ ట్రైప్, మైనం పట్టించిన కాగితపు నెగటివులతో దక్షిణాది గుళ్ళ వెంట తిరిగాడు. 1858లో తంజావూరు బృహదీశ్వరాలయం పునాది మీది శాసనాన్ని 21 ముక్కలుగా తీసి, దాదాపు 19 అడుగుల పొడవున ఒకే చిత్రంగా కూర్చాడు. ఏది తీయాలో ముందే తేల్చుకోకుండా సాధ్యమయ్యే పని కాదది. (ఖర్చు ఎక్కువవుతోందని దొరలు తరువాత ఆ పనినే మూసేశారనుకో, అది వేరే కథ.)

ధనుర్మాసంలో మైలాపూరు మాడవీధుల ముగ్గులు తీయవద్దని నేను అనను, చేతికి మంచి సాధన. ఇక్కడ సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో కాబట్టి, అంతకు ముందు ముగ్గు వేస్తున్న చేతిని తీయాలంటే షట్టరు వేగాన్ని సెకనులో 125వ వంతు కంటే తగ్గించకు. ఐఎస్ఓ (కెమెరా వెలుగును పట్టే శక్తి) 3200 దాకా పెంచి, వచ్చిన గరుకును అలాగే ఉండనివ్వు.

లెన్సుకని దాచిన డబ్బుతో రెండు హార్డ్ డిస్కులు కొని, ఒకటి మా ఇంట్లో పెట్టు. 2015 డిసెంబరు వరదల్లో ఈ ఊళ్ళో కింది అంతస్తుల ఆల్బములు ఎన్ని నానిపోయాయో నీకు తెలియనిది కాదు. సముద్రపు తేమకు లెన్సులో బూజు పట్టకుండా, మూత బిగుతుగా ఉండే డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ సంచులు వేసి దాచు, అవి రంగు మారినప్పుడల్లా వేడిచేసి ఆరబెట్టు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ నలభై ప్రింట్లూ తీసుకురా. నిగనిగలాడే కాగితం వద్దు, మ్యాట్ మీదే వేయించు, వెనకాల పెన్సిలుతో నెల, చోటు రాయి. అత్తయ్య నిన్ను అడిగినట్టు చెప్పమంది.

ఇట్లు,
నీ మామయ్య,
మైలాపూరు, చెన్నై