డబ్బా మీద ‘కాళిదాస్’ అని ఉంటే అది 1931 నాటి టాకీయేనా?

టూరింగ్ టాకీస్ పాత సామాన్లలో ఆ పేరు రాసిన రెండు రీలు డబ్బాలు దొరికాయని, అవి 1931 నాటి టాకీవేనా అని మీరడిగారు. డబ్బా మీది పేరును నమ్మకండి. ఒక డబ్బాలో ఇంకో సినిమా రీలు పెట్టేయడం మామూలే. పైగా 1960లో ‘మహాకవి కాళిదాసు’ కూడా వచ్చింది. మీరడిగేది హెచ్.ఎం.రెడ్డి తీసినది, 1931 అక్టోబరు 31న మద్రాసులో విడుదలైనది. అందులో హీరోయిన్ రాజలక్ష్మి తమిళంలో మాట్లాడితే హీరో తెలుగులో మాట్లాడేవాడు. దాని ప్రింటు ఇప్పటిదాకా దొరకలేదు. పూతలోని వెండి కోసం కరిగించేసిన పాత ఫిల్ముకు లెక్కలేదు, కాబట్టి ఆశ తక్కువే. అయినా చూడాల్సిందే.

మూత తీయగానే వెనిగర్ వాసన వస్తే అది ఎసిటేట్ ఫిల్మ్ (తర్వాతి కాలపు, తేలిగ్గా అంటుకోని ‘సేఫ్టీ’ రకం), అంటే ఆనాటి ప్రింటు కాదు. ఘాటు వాసన, జిగట, తేనెరంగు బుడగలు, గోధుమరంగు పొడి కనిపిస్తే కుళ్లుతున్న నైట్రేట్, అంటే ఆ కాలపు తేలిగ్గా మండే ఫిల్మ్. అక్కడితో ఆగిపోండి. అది 40 డిగ్రీల వేడికే తనంతట తాను అంటుకోవచ్చు. మన ఎండాకాలంలో రేకుల కప్పు కింద అంత వేడి మామూలే. ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది కాబట్టి నీళ్లు పోసినా ఆరదు. ప్లాస్టిక్ కవర్లో బిగించి కట్టకండి, ప్రొజెక్టర్‌కు అసలే ఎక్కించకండి.

రీలు బాగుంటే రెండడుగులు విప్పి కిటికీ వెలుతురులో భూతద్దంతో చూడండి. అతుక్కున్న చోట లాగొద్దు. బొమ్మ రెండు వైపులా అంచు కన్నాల దాకా నిండి ఉంటే అది సాధారణంగా మూకీ. ఒక పక్క కన్నాలకూ బొమ్మకూ మధ్య రెండున్నర మిల్లీమీటర్ల పట్టీ, అందులో అడ్డగీతలు గానీ అలల్లాంటి అంచు గానీ ఉంటే అది సౌండ్ పట్టీ, అంటే టాకీ.

చాలామంది పొరబడేది అంచు మీది అక్షరాల దగ్గరే. నల్లటి అక్షరాలు మీ చేతిలోని ఫిల్మువి. నల్లటి నేల మీద తెల్లగా కనిపించేవి నెగటివ్ నుంచి అచ్చుపడినవి. ‘నైట్రేట్’ అని తెల్లగా, ‘సేఫ్టీ’ అని నల్లగా ఉంటే అది పాత నెగటివ్ నుంచి తర్వాత తీసిన కాపీ. కొడాక్ ఫిల్మైతే వృత్తం, చతురస్రం, త్రిభుజం గుర్తులు తయారైన ఏడాదిని చెబుతాయి, కానీ అవే 20 ఏళ్లకోసారి తిరిగొస్తాయి.

నైట్రేట్ అని తేలితే కొరియర్‌లో పంపకండి, అది ప్రమాదకరమైన సరుకు. అంచు, సౌండ్ పట్టీ, టైటిల్ కార్డుంటే అదీ దగ్గరగా ఫొటోలు తీసి పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు రాయండి. ఒక్కో రీలు ఎన్ని అడుగులుందో కూడా అంచనాగా చెప్పండి: వెయ్యడుగులంటే 11 నిమిషాలు.