మీరు కొట్టింది ఎవరి కోసం?

ఒక తండ్రి రాసిన ఉత్తరం ఇది, కొంచెం కుదించి ఇస్తున్నాను.

"మాకు మూడున్నరేళ్ళ బాబు. ఏడుపు మొదలుపెడితే ఓ పట్టాన ఆగడు. నా భార్య వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వీపు నిమురుతూ, 'కోపం వచ్చిందా నాన్నా?' అంటూ వాడు తగ్గేదాకా అలాగే ఉంటుంది. ఇవన్నీ లోకసంబంధమైన పద్ధతులు, ఫోన్లో చూసి నేర్చుకుంది. బెత్తం వాడనివాడు కొడుక్కి విరోధి అని బైబిల్లోని సామెతల గ్రంథమే చెబుతోంది. మా నాన్నగారు సంఘ పెద్ద. ఆయన చేతి దెబ్బలు తినే పెరిగాను, చెడిపోలేదు. మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ తల్లి కూడా ఏడాది నిండేసరికే పిల్లలకు నెమ్మదిగా ఏడవడం నేర్పిందని ఆయన అంటుంటారు. పోయిన నెల వాళ్ళింట్లో కుటుంబ ప్రార్థన జరుగుతుంటే బాబు ఏడుపు అందుకున్నాడు. నాన్నగారు కళ్ళు తెరిచి నా వైపు చూశారు. నేను వాణ్ణి పక్క గదిలోకి తీసుకెళ్ళి తొడ మీద రెండు కొట్టాను. ఊరుకున్నాడు. అప్పట్నుంచి నా భార్య ముభావంగా ఉంటోంది. బాబు నా దగ్గరికి రావడం లేదు. ఈ మెతక పెంపకం వాక్యానికి విరుద్ధమని ఆమెకు ఎలా నచ్చజెప్పాలి?"

నచ్చజెప్పకండి. అది విరుద్ధం కాదు. మీ ప్రశ్నకు నా జవాబు అంతే. అసలు సంగతి వేరే ఉంది.

మీ ఉత్తరంలో నేను రెండోసారి చదివిన వాక్యం ఒకటుంది. "నాన్నగారు కళ్ళు తెరిచి నా వైపు చూశారు." ఆయన నోరు తెరిచి ఒక్క మాట కూడా అనలేదు. ఒక బిడ్డకు తండ్రి అయిన మనిషి ఆ ఒక్క చూపుకే లేచి నిలబడ్డాడు. ఆ గదిలోకి వెళ్ళింది తండ్రి కాదు సోదరా, దెబ్బలకు భయపడే పాత కొడుకు. బాబు అల్లరి చేశాడని మీరు కొట్టలేదు. మీ పెంపకం సరిగానే ఉందని మీ నాన్నగారికి చూపించడానికి కొట్టారు. ఆ రెండు దెబ్బలు గోడ అవతల ఆయనకు వినపడాలనే కొట్టారేమో, మీరే ఆలోచించుకోండి.

"ఊరుకున్నాడు" అని రాశారు. ఊరుకోవడం వేరు, ఊరట వేరు. దెబ్బ తిని ఏడుపు ఆపిన పిల్లాణ్ణి ఎప్పుడైనా దగ్గరగా చూశారా? పెదవి బిగబట్టుకుంటాడు. వెక్కులు మాత్రం లోపల్నుంచి తన్నుకొస్తూనే ఉంటాయి, భుజాలు ఎగిరెగిరి పడుతుంటాయి. కళ్ళు మీ మొహం మీద ఉండవు, మీ చేతి మీద ఉంటాయి. వాడి బాధ తీరలేదు. మీకు కనపడకుండా దాచుకోవడం నేర్చుకున్నాడు, అంతే. ఆ నేర్పు మీకూ ఉండే ఉంటుంది. మీ నాన్నగారి ముందు చివరిసారి ఎప్పుడు కంటతడి పెట్టారో గుర్తు చేసుకోండి.

"చెడిపోలేదు" అన్నారు. నిజమే, మీరు మంచివారే, లేకపోతే ఈ ఉత్తరమే రాసేవారు కాదు. కానీ ఇంత వయసొచ్చినా తండ్రి కనురెప్ప కదిలితే గుండె జారిపోయేలా పెరిగిన మనిషి, ఆ పెంపకం వల్ల తనకేమీ నష్టం జరగలేదంటే నేను ఒప్పుకోను.

ఇక వాక్యం సంగతి. సామెతల్లో దండన మాటే లేదని నేను అనను, ఉంది. అయితే బెత్తమని అక్కడ మనం చదివే మాటకూ, ఇరవై మూడో కీర్తనలో "నీ దుడ్డుకఱ్ఱయు నీ దండమును నన్ను ఆదరించును" అన్నచోట దుడ్డుకఱ్ఱకూ హీబ్రూలో ఉన్నది ఒకటే మాట, షేబెట్. ఆ కఱ్ఱను చూసి గొఱ్ఱెకు ధైర్యం కలుగుతోంది. మిమ్మల్ని చూసి మీ బాబుకు ఏం కలుగుతోంది? ఎఫెసీ పత్రికలో పిల్లల్ని "ప్రభువు యొక్క శిక్షలోను బోధలోను" పెంచమన్నచోట కూడా శిక్ష అంటే కొట్టడమనే మన ఇళ్ళలో అర్థం చేసుకుంటారు. గ్రీకులో అక్కడున్న పైడేయా అనే మాటకు పిల్లల్ని తీర్చిదిద్దడమని అర్థం. మన శిక్షణ కూడా ఆ శిక్షలోంచి వచ్చిందే కదా. అదే వచనం మొదట్లో "మీ పిల్లలకు కోపము రేపక" అని తండ్రులకు హెచ్చరిక ఉంది. ఆ ముక్క మీ ఇంట్లో ఎవరైనా బిగ్గరగా చదివారా?

ఏలీయా ప్రవక్తను చూడండి. బదరీవృక్షం కింద కూలబడి చచ్చిపోతానన్నాడు. దేవుడు అప్పుడు ప్రసంగం చెప్పలేదు. దూత వచ్చి తట్టి లేపి తినమన్నాడు. తిని మళ్ళీ పడుకుంటే మళ్ళీ తట్టి తినమన్నాడు. "ఇచ్చట నీవేమి చేయుచున్నావు?" అన్న ప్రశ్న ఆ తర్వాత ఎప్పుడో హోరేబు కొండ మీద వచ్చింది. అంత ప్రవక్తకే ముందు ఓదార్పు, తర్వాత మాట అయితే మూడున్నరేళ్ళ పిల్లవాడికి ఎలా ఉండాలి? మీ భార్య చేస్తున్నది సరిగ్గా అదే.

వెస్లీ తల్లి మాట కూడా మీ నాన్నగారు సగమే చెప్పారు. సుసన్నా వెస్లీ 1732లో కొడుక్కి రాసిన ఉత్తరంలో ఆ మాట ఉన్నది నిజమే. పంతొమ్మిది మందిని కని, సుమారు సగం మందిని పసితనంలోనే పోగొట్టుకున్న తల్లి ఆమె. బతికి ఇంట్లో ఉన్న పిల్లల్లో ఒక్కొక్కరికి వారంలో ఒక సాయంత్రం కేటాయించి, విడిగా కూర్చుని మాట్లాడేది. జాన్ వంతు గురువారం. పెద్దవాడై దూరంగా ఉన్న రోజుల్లో ఆయన ఆ గురువారం సాయంత్రాన్నే తలుచుకుని ఆమెకు రాశాడు.

భార్యది ఫోన్ చదువని తీసిపారేశారు కదా. బిడ్డకూ తల్లికీ మధ్య బంధం గురించి మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ ప్రపంచ ఆరోగ్య సంస్థకు నివేదిక ఇచ్చింది 1951లో. సిల్వియా బెల్, మేరీ ఐన్స్‌వర్త్ అనే పరిశోధకులు 26 మంది తల్లీబిడ్డలను ఇళ్ళలోనే గమనించి 1972లో రాసిందేమిటంటే, ఏడ్చిన వెంటనే తల్లి దగ్గరికి తీసుకున్న పిల్లలు ఏడాది నిండే నాటికి మిగతావాళ్ళ కన్నా తక్కువ ఏడ్చారు. బిడ్డను దగ్గరగా ఉంచుకుని ఏడుపుకు వెంటనే స్పందించే ఈ పెంపకానికి 'అటాచ్‌మెంట్ పేరెంటింగ్' అనే పేరును ఇంటింటికీ చేర్చిన పిల్లల డాక్టరు విలియం సియర్స్ కూడా క్రైస్తవుడే.

ఓదార్చడమంటే అడిగిందల్లా చేతిలో పెట్టడం అనుకోకండి. యాజకుడైన ఏలీ తన కొడుకులు తప్పు చేస్తుంటే అడ్డగించలేదు, ఆ ఇల్లు ఎలా నాశనమైందో మీకు తెలుసు. బాబు బొమ్మ కోసం ఏడుస్తుంటే బొమ్మ ఇవ్వనక్కర్లేదు. వాడి ఎత్తుకు కిందకు కూర్చోండి. గొంతు తగ్గించండి. "అది కావాలి కదూ, కోపం వచ్చింది కదూ" అని ఒకటి రెండు మాటలనండి. ఏడుపు ఉద్ధృతిలో ఉన్న పిల్లాడి చెవికి పాఠం ఎక్కదు. వాడు మిమ్మల్ని కొట్టబోతే వాడి చెయ్యి మెత్తగా పట్టుకోండి. ఊపిరి నెమ్మదించాక బొమ్మ ఎందుకు ఇవ్వలేదో చెప్పండి. మళ్ళీ ఏడిస్తే మళ్ళీ ఎత్తుకోండి, మీ మాట మాత్రం మార్చకండి. దీనికి బెత్తం పట్టుకోవడం కన్నా ఎక్కువ బలం కావాలి.

కానీ మీ నాన్నగారి విషయం తేలకుండా ఇవేవీ నిలబడవు. తండ్రిని సన్మానించమన్న ఆజ్ఞను నేను తేలిక చెయ్యను. ఆయన కూడా ఎవరి చేతిలోనో అలాగే పెరిగి ఉంటారు. అయితే ఎఫెసీ పత్రిక ఆరో అధ్యాయంలో మీరిప్పుడు "పిల్లలారా" అన్న ఒకటో వచనంలో లేరు, "తండ్రులారా" అన్న నాలుగో వచనంలో ఉన్నారు. ఆయన కాళ్ళు పట్టండి, మందులు చూసుకోండి, సలహా అడగండి. మీ బిడ్డ వీపును మాత్రం ఆయనకు కానుకగా ఇవ్వకండి. మామగారి ముందు కోడలు నోరెత్తలేదు. ఆ ఇంట్లో వాడి తరఫున నిలబడగలిగింది మీరొక్కరే. ఆ రోజు మీరు అటువైపు వెళ్ళిపోయారు. మీ భార్య మౌనానికి కారణం అదే, ఆమెకు వచనాలు చూపిస్తే పోయేది కాదు.

ఈ రాత్రి బాబు నిద్రపోకముందు వాడి మంచం దగ్గర మోకాళ్ళ మీద కూర్చోండి. "ఆ రోజు నిన్ను కొట్టాను. తప్పు నాన్నది" అని చెప్పండి. మీ భార్య వినేలా చెప్పండి. వాడు అటు తిరిగి పడుకోవచ్చు. నొచ్చుకోకండి, రేపు మళ్ళీ వెళ్ళి కూర్చోండి.

మళ్ళీ ఆ ఇంటికి వెళ్తారు, మళ్ళీ ప్రార్థన జరుగుతుంది, బాబు మళ్ళీ ఏడుస్తాడు. ఆయన కళ్ళు తెరవకముందే, మీ భార్య లేవకముందే మీరు లేవండి. వాణ్ణి భుజాన వేసుకుని అదే గదిలోకి వెళ్ళి, వెక్కులు ఆగేదాకా వీపు నిమురుతూ నడవండి. తర్వాత ఆయన ఏమైనా అంటే, "వాణ్ణి నేను చూసుకుంటాను నాన్నా" అని మర్యాదగా చెప్పండి. అంతకు మించి ఒక్క మాట వద్దు.