పుస్తకాలు చదివేవాళ్లతో వీడియో మీటింగు పెట్టబోతున్న హారికకు

చి. హారికకు పెద్దమ్మ ఆశీస్సులు.

ఆడియో పుస్తకాలకు గొంతిస్తున్న మీ వాలంటీర్లందరినీ వీడియోలో కలపాలనుకుంటున్నానని, ఎలా పెట్టాలో చెప్పమని రాశావు. ముందు ఒక్కటి తేల్చుకో. కలిశాక చేసే పని ఏమిటి? "ఊరికే ఒకసారి అందరం కలుద్దాం" అని పెట్టిన మీటింగుకి మొదటిసారి ఇరవై మంది వస్తారు, రెండోసారి ఏడెనిమిది మంది, మూడోసారి నువ్వూ నీ లింకూ మిగులుతారు. ఎవరికి ఏ అధ్యాయం ఇచ్చాం, ఎవరిది ఆలస్యమైంది, ఫైలుకి పేరెలా పెట్టాలి, ఇవన్నీ గ్రూపులో ఒక్క మెసేజీతో తేలిపోయే సంగతులు. మెసేజీతో తేలనిది ఒక్కటే: చదివినదాన్ని నలుగురూ కలిసి విని, ఎక్కడ చెవికి తట్టుకుంటోందో చెప్పుకోవడం. మీటింగు దానికే పెట్టు. మిగతావాటిని గుమ్మం దాటనివ్వకు.

అప్పుడు లెక్క సులువవుతుంది. ఒక్కొక్కరి రికార్డింగులోంచి రెండు నిమిషాల ముక్క. అది వినడానికి రెండు నిమిషాలు, మాట్లాడుకోవడానికి ఆరు. మొత్తం ఎనిమిది. నలుగురివి వింటే 32 నిమిషాలు. మొదట్లో పలకరింపులకీ చివర్లో వచ్చే వంతు ఎవరిదో రాసుకోవడానికీ ఎనిమిది. జూమ్ ఉచిత ఖాతా 40 నిమిషాలకి గ్రూపు కాల్ ఆపేస్తుంది కదా, దానికి సరిగ్గా సరిపోతుంది. ఆ కోతను తిట్టుకునేవాళ్లే ఎక్కువ గానీ, మన మీటింగులు ముగియడానికి అంతకంటే మంచి ఉపాయం నాకు కనబడలేదు. గూగుల్ మీట్ ఉచిత ఖాతాలో ముగ్గురూ ఆపైన ఉంటే 60 నిమిషాలిస్తుంది. ఆ ఎక్కువ ఇరవై నిమిషాలూ ముచ్చట్లకే పోతాయి. ఎనిమిది మందికి మించితే రెండు జట్లు చెయ్యి. ఒక్కో జట్టులో ఈసారి నలుగురివి వింటారు, వచ్చేసారి మిగతా నలుగురివి. తన వంతు కానివాళ్లు కూడా వినడానికి రావాలి, లేకపోతే ఈ పద్ధతే నడవదు. పిలిచేటప్పుడే ఆ మాట చెప్పు.

వేళ దగ్గర చాలామంది తడబడతారు. మీ వాళ్లు హైదరాబాదు, విజయవాడలతో పాటు డాలస్‌లోనూ లండన్‌లోనూ సిడ్నీలోనూ ఉన్నారు కాబట్టి అందరికీ కుదిరే వేళ ఒకటి దొరకదు. వెతక్కు. రెండు వేళలు పెట్టుకుని నెల మార్చి నెల తిప్పు. మన ఆదివారం పొద్దున 7:30 అంటే ఎండాకాలంలో డాలస్‌లో శనివారం రాత్రి 9, న్యూయార్క్‌లో 10, కాలిఫోర్నియాలో 7. సిడ్నీలో ఆదివారం మధ్యాహ్నం 12. లండన్ వాళ్లకి మాత్రం తెల్లవారుజామున 3 గంటలు. మన ఆదివారం రాత్రి 8:30 పెడితే లండన్‌లో సాయంత్రం 4, డాలస్‌లో పొద్దున 10, కాలిఫోర్నియాలో 8. ఈసారి సిడ్నీ వాళ్లు నిద్ర మానుకోవాలి. అమెరికా గడియారం మార్చి రెండో ఆదివారం ముందుకీ నవంబరు మొదటి ఆదివారం వెనక్కీ జరుగుతుంది. ఇంగ్లండులో మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం. ఈ రెండింటి మధ్య వారాల్లోనే "నేనొచ్చేసరికి అయిపోయింది" అనే మాట వినబడుతుంది. కబురు పంపేటప్పుడు మన టైమొక్కటే రాసి ఊరుకోకుండా ప్రతి ఊరి టైమూ రాయి. రోజు పేరు కూడా రాయి, శనివారమా ఆదివారమా అన్నదగ్గరే పొరపాటు పడతారు.

ఇక అసలు సంగతి, శబ్దం. ఇక్కడ కాస్త ఎక్కువ చెబుతాను.

మీటింగులో ఎవరినీ అప్పటికప్పుడు చదవమనకు. జూమ్ అయినా మీట్ అయినా మనిషి మాటను ఉంచి మిగతా చప్పుడును తుడిచేసేలా కట్టినవే. ఆ తుడవడంలో మాట చివరి మెల్లని అక్షరాలు పోతాయి, స, శ, ష మూడూ ఒకటైపోతాయి, పేరాకీ పేరాకీ మధ్య ఊపిరి మాయమవుతుంది. అది విని "నీకు శ పలకడం లేదు" అంటే పాపం ఆ మనిషి లేని తప్పును దిద్దుకుంటూ కూర్చుంటుంది. జూమ్‌లో 'ఒరిజినల్ సౌండ్' పెట్టుకుంటే కొంత నయం, కానీ అందరి ఫోన్లలోనూ అది సరిగ్గా పెట్టించేసరికి సగం సమయం హరీ.

స్క్రీన్ షేర్ చేసి ఫైలు వినిపించడమూ అంత నమ్మదగ్గది కాదు. జూమ్‌లో 'షేర్ సౌండ్' గడిలో టిక్కు పెట్టడం మరిచిపోతే నీకు వినబడుతుంది, వాళ్లకి వినబడదు, నువ్వు మాత్రం అందరూ వింటున్నారనుకుంటావు. దీనికంటే సులువైనది ఇది. మీటింగుకి రెండు రోజుల ముందే నాలుగు ముక్కలూ గ్రూపులో పెట్టు. మీటింగులో "రెండో ఫైలు వినండి" అను, అందరూ మ్యూట్ చేసుకుని ఎవరి ఇయర్‌ఫోన్లో వాళ్లు వింటారు. రెండు నిమిషాలు తెర మీద ఎవరూ మాట్లాడరు. మొదటిసారి వింతగా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది.

ఆ ముక్క వాట్సాప్‌లో వాయిస్ మెసేజీగా రాకూడదు, ఎందుకంటే వాట్సాప్ దాన్ని బాగా నొక్కేసి పంపుతుంది. ఎమ్‌పీ3 ఫైలును 'డాక్యుమెంట్' కింద జతచేసి పంపమను. 128 కేబీపీఎస్‌లో రెండు నిమిషాల ఫైలు 2 ఎంబీ కూడా ఉండదు, ఎవరి డేటాకీ భారం కాదు. ముక్క ఏరేటప్పుడు అధ్యాయంలో అన్నిటికంటే బాగా వచ్చిన చోటు కాకుండా తనకు అనుమానమున్న చోటే పంపమను. బాగా చదివినది విని చప్పట్లు కొట్టడానికైతే ఇంతమంది ఆదివారం పాడుచేసుకోవాల్సిన పని లేదు.

ఇయర్‌ఫోన్ తీగ ఉన్నదే మేలు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో మైకు తెరుచుకోగానే ఫోను కాల్ మోడ్‌లోకి మారుతుంది, పాటలకి వచ్చే నాణ్యత పోయి పాత టెలిఫోను గొంతు వస్తుంది. అదే కాల్‌లో ఉండి ఫైలు వింటే ఎంత మంచి రికార్డింగైనా డబ్బాలోంచి వచ్చినట్టే ఉంటుంది. ఒకే గదిలో ఫోనూ లాప్‌టాపూ రెండూ మీటింగులో పెడితే కీచుమని అరుపు పుడుతుంది, ఒకదాన్ని ఆపేయమను. కెమెరా విషయంలో పట్టుబట్టకు. పలకరింపులప్పుడు చాలు, ఆ తర్వాత ఆపేస్తే నెట్టు బలహీనంగా ఉన్నవాళ్లకీ మాట తెగకుండా వస్తుంది. ముఖం చూపించడం ఇష్టం లేని ఆడపిల్లలు ఉంటారు, కారణం అడగొద్దు.

విన్నాక ఎలా చెప్పాలో ముందే ఒక పద్ధతి పెట్టు. చెప్పే ప్రతి మాటకీ సమయం ఉండాలి: "1 నిమిషం 12 సెకన్ల దగ్గర 'వెళ్లాడు' రెండుసార్లు వచ్చింది." "మధ్యలో ఎక్కడో ఏదోలా ఉంది" అన్నది సలహా కాదు. తప్పులను రెండు గంపలుగా వేరు చేయించు. వాక్యం వదిలేయడం, మాట రెండుసార్లు రావడం, పేజీ తిప్పిన చప్పుడు, కుక్కర్ విజిల్, ఇన్వర్టర్ గుర్రు, ఇవి మళ్లీ రికార్డు చేయాల్సినవి. నెమ్మదిగా చదివారు, ఇంకాస్త భావం పెట్టొచ్చు, ఇవి చదివినవాళ్లు అడిగితేనే చెప్పాలి. వాలంటీర్లు హక్కులు తీరిపోయిన పుస్తకాలు చదివి నెట్‌లో ఉచితంగా పెట్టే లిబ్రివాక్స్ అని ఒకటుంది. 2005లో మొదలైన దానిలోనూ ఇదే పద్ధతి. అక్కడ ప్రూఫ్ వినేవాళ్లు చదివే శైలి జోలికి పోరు. వాళ్ల సాంకేతిక కొలతలు కూడా మీరు తీసుకోవచ్చు: మోనో, 44.1 కిలోహెర్ట్జ్, 128 కేబీపీఎస్, గట్టిదనం 89 డెసిబెల్స్ ప్రాంతం, మొదట అర సెకను నుంచి ఒక సెకను, చివర 5 సెకన్ల నిశ్శబ్దం. ఇవి రాసి గ్రూపులో పిన్ చెయ్యి, మీటింగులో చర్చకు పెట్టకు.

గొడవ వచ్చేది ఉచ్చారణ దగ్గరే. మన లిపిలో 'చలి'కీ 'చంద్రుడు'కీ ఒకే చ, 'జల్లెడ'కీ 'జలం'కీ ఒకే జ. పలికేటప్పుడు వేరు. పాత అచ్చులో 'వాఁడు' అని అరసున్న ఉంటే కొత్తవాళ్లు 'వాండు' అని చదివేస్తారు. 'బ్రహ్మ', 'చిహ్నం' లాంటివాటిలో హ ముందా వెనకా అని అరగంట వాదించుకోగల వాళ్లు ప్రతి గ్రూపులోనూ ఇద్దరుంటారు. వాళ్లిద్దరినీ మీటింగులో ఆపి, ఒక గూగుల్ షీట్ తెరువు. నాలుగు గడులు చాలు: మాట, పేజీ, తేల్చినది, పలికి చూపిన చిన్న ఆడియో లింకు. ఒకే పుస్తకాన్ని ఆరుగురు చదువుతుంటే మనుషుల పేర్లూ ఊళ్ల పేర్లూ ఆరుగురి నోటా ఒకేలా రావాలి, అక్కడ మాత్రం పట్టుబట్టు. ఒకరిది కరీంనగర్ మాట, మరొకరిది శ్రీకాకుళం మాట అయితే ఆ యాస తప్పు కాదు. దాన్ని దిద్దబోయేవాళ్లను నువ్వే ఆపాలి. అది వాలంటీరు ఒక్కతే తనకోసం చెప్పుకోగల మాట కాదు.

చూపు లేనివాళ్లు మీ జట్టులో ఉన్నారని రాశావు. వాళ్లు వినడంలో మనందరికంటే ముందుంటారు, ప్రూఫ్ వినడానికి వాళ్లనే అడుగు. అయితే ఒకటి చూసుకో. ఎవరైనా చాట్‌లో "సూపర్", "నమస్తే" అని కొట్టిన ప్రతిసారీ స్క్రీన్ రీడర్ దాన్ని పైకి చదువుతుంది, సరిగ్గా అప్పుడే మాట్లాడుతున్న మనిషి గొంతు మీద. కాబట్టి చాట్ మూసేయండి. మాట్లాడబోయేవాళ్లు ముందు తమ పేరు చెప్పాలి. చదవాల్సిన పాఠం యూనికోడ్‌లో, అంటే ఫోన్లో మామూలుగా టైపయ్యే తెలుగులో పంపాలి. అచ్చు పనులకి వాడే పాత అను ఫాంటులో టైపు చేసినదాన్ని స్క్రీన్ రీడర్ చదివితే అర్థం లేని అక్షరాలు వస్తాయి, స్కాన్ చేసిన పేజీ అయితే అసలేమీ రాదు. విండోస్ కంప్యూటర్లో జూమ్ వాడేవాళ్లకి ఆల్ట్‌తో ఏ నొక్కితే మ్యూట్, ఆల్ట్‌తో వై నొక్కితే చెయ్యెత్తడం అని ముందే చెప్పి ఉంచు.

ఏ పుస్తకం చదవాలన్న చర్చ మీటింగులోకి రాకముందే హక్కుల సంగతి నువ్వు చూసిపెట్టు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి లెక్కవేసి 60 ఏళ్లు. 1915లో పోయిన గురజాడ, 1919లో పోయిన వీరేశలింగం గారి రచనలకి ఇక్కడ ఇబ్బంది లేదు. లిబ్రివాక్స్ మాత్రం అమెరికా చట్టం చూస్తుంది, అక్కడ పుస్తకం అచ్చయిన ఏడాది లెక్క, 95 ఏళ్లు. ఇక్కడ స్వేచ్ఛగా చదవగలిగినదాన్ని అక్కడ పెట్టలేకపోవచ్చు. కొత్త ముద్రణలో వేసిన ముందుమాట, వివరణలు వేరే హక్కులు, అవి చదవొద్దు. అచ్చు చదవలేనివాళ్ల కోసం హక్కులున్న పుస్తకాన్నీ లాభం లేకుండా ఆడియో చేసుకునే వీలు 2012 సవరణతో వచ్చింది. అది వాళ్లకే, యూట్యూబ్‌లో అందరికీ పెట్టడానికి కాదు.

మీటింగు రికార్డు చేయొద్దు. రెండు నిమిషాల గొంతుతో నకిలీ గొంతు తయారు చేసే కాలం ఇది. మనవాళ్లు పుస్తకానికి ఇచ్చిన గొంతు వేరు, ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్న గొంతు వేరు. రాకపోయినవాళ్లకి షీట్ ఉంది కదా. లింకు ఫేస్‌బుక్‌లో పెట్టకు, వెయిటింగ్ రూము ఆన్‌లో ఉంచు, నీకు కరెంటు పోతే నడిపించడానికి ఇంకొకరిని ముందే అనుకుని ఉంచు. వాట్సాప్ గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనబడతాయి. అది నచ్చనివాళ్లుంటే టెలిగ్రామ్‌కి మారండి, అక్కడ నంబరు దాచుకోవచ్చు.

మొదటి కబురు ఇలా పంపు, మార్చాల్సినవి మార్చుకో:

"ఆదివారం పొద్దున 7:30 (డాలస్: శనివారం రాత్రి 9, లండన్: ఆదివారం తెల్లవారుజామున 3, సిడ్నీ: ఆదివారం మధ్యాహ్నం 12). 40 నిమిషాలు. ఈసారి వినేవి నలుగురివి, ఫైళ్లు పైన ఉన్నాయి. ముందే విననక్కర్లేదు, ఫోన్లోకి దించుకుని ఉంచండి. తీగ ఉన్న ఇయర్‌ఫోన్, కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. కెమెరా మీ ఇష్టం. 7:35 తర్వాత వచ్చేవాళ్లు మ్యూట్‌లో రండి, పలకరింపులు చివర్లో."

దీన్ని శుక్రవారం ఒకసారి, మీటింగుకి గంట ముందు ఒకసారి పంపు. మూడోసారి పంపితే గ్రూపునే మ్యూట్ చేసేస్తారు.

ఇట్లు,
పెద్దమ్మ