రాత్రి ఆకలి, మూడింటికి మెలకువ.. హార్మోన్ల సమస్యా?

ప్రశ్న: నా వయసు 36. ఆరు నెలలుగా ఆఫీసులో ఒత్తిడి ఎక్కువైంది. పన్నెండు దాటితే గానీ నిద్ర పట్టదు, మళ్లీ మూడింటికే మెలకువ. భోజనం చేసినా పదకొండుకల్లా ఆకలేస్తుంది, అదీ తీపి మీదికే మనసు పోతుంది. ఐదు కిలోలు పెరిగాను. నోరు కట్టుకోవడం లేదని ఇంట్లో అంటున్నారు. హార్మోన్ పరీక్షలు చేయించుకోవాలా? - ఓ పాఠకురాలు

జవాబు: మీ ఆకలి నిజమైనదే. దాన్ని మనోబలం లేకపోవడంగా చూడొద్దని ఇంట్లోవాళ్లకూ చెప్పండి. కడుపు ఖాళీ అయితే ఘ్రెలిన్ అనే హార్మోన్ ‘తినాలి’ అని మెదడుకు చెబుతుంది. కొవ్వు కణాల్లో తయారయ్యే లెప్టిన్ ‘ఇక చాలు’ అంటుంది. నిద్ర కరవైతే ఈ లెక్క తప్పుతుంది. షికాగో విశ్వవిద్యాలయంలో 12 మంది ఆరోగ్యవంతులైన యువకులను వరసగా రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి చూశారు. పది గంటలు పడుకోనిచ్చినప్పటితో పోలిస్తే లెప్టిన్ 18 శాతం తగ్గింది, ఘ్రెలిన్ 28 శాతం పెరిగింది. వాళ్లకూ తీపి, ఉప్పు పదార్థాల మీదే యావ పెరిగింది. 2004లో వచ్చిన చిన్న అధ్యయనమిది. తర్వాతి వాటన్నిటిలో హార్మోన్ల అంకెలు ఇలాగే రాలేదు గానీ, నిద్ర తగ్గితే తిండి పెరగడం మాత్రం మళ్లీ మళ్లీ కనిపించింది.

ఇక మూడింటి మెలకువ. ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ అర్ధరాత్రి వేళ బాగా తక్కువగా ఉండి, తెల్లవారుజాము నుంచి పెరుగుతూ, లేచిన అరగంట, ముప్పావు గంటకు తారస్థాయికి చేరుతుంది. తెల్లవారుజాము వేళకు నిద్ర ఎలాగూ పలచబడుతుంది. టైమ్ చూద్దామని ఫోన్ తీస్తారు, ఆఫీసు మెయిల్ కనబడుతుంది, గుండె దడదడలాడుతుంది. అది అడ్రినలిన్ అనే మరో ఒత్తిడి హార్మోన్ పని. ఇక నిద్రేం పడుతుంది? ఫోన్ పక్క గదిలో పెట్టండి.

అందుకే డైటింగ్ కంటే ముందు నిద్ర సంగతి చూడమంటాను. సెలవు రోజైనా సరే, ఒకే వేళకు లేవండి. లేవగానే కాసేపు ఆరుబయట వెలుతురులో ఉండండి. మధ్యాహ్నం తర్వాత కాఫీ వద్దు; అందులోని కెఫీన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. పడుకునే గంట ముందే లైట్లు తగ్గించండి, వెలుతురుంటే నిద్రకు తోడ్పడే మెలటోనిన్ హార్మోన్ సరిగా ఊరదు. మెలటోనిన్ మాత్రలు మాత్రం సొంతంగా మొదలుపెట్టకండి.

థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించుకోండి. చర్మంపై ఊదారంగు చారలు, కొద్దిగా తగిలినా కమిలిపోవడం, తొడల్లో బలహీనత వంటి, కార్టిసాల్ మితిమీరితే కనిపించే లక్షణాలు లేకపోతే ఆ పరీక్ష అక్కర్లేదు. స్టెరాయిడ్ మందులు వాడుతున్నా, నెలసరి తప్పుతున్నా, గట్టిగా గురక వస్తున్నా డాక్టర్‌కు తప్పక చెప్పండి. రెండు వారాలకు మించి దిగులుగా, దేనిమీదా ఆసక్తి లేకుండా ఉంటే మాత్రం ఈ చిట్కాలతో కాలయాపన చేయకుండా వెంటనే వెళ్లండి.