చెక్క కంచెకి టేకా, సరుగుడా, వెదురా? ముందు గేదె సంగతి వినండి

ఊళ్ళో కట్టుకున్న ఇంటి చుట్టూ చెక్క కంచె వేయిద్దామనుకుంటున్నారు, టేకు మంచిదా, సరుగుడా, వెదురా అని ఒకరు అడిగారు. మూడిట్లో ఏది కొన్నా పర్లేదు, భూమిలో మాత్రం పాతకండి. నేను పాతి చూశాను కాబట్టి చెప్తున్నాను.

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. ఆరు సెంట్ల స్థలం, నాన్న కట్టిన ఇల్లు. నా చిన్నప్పుడు చుట్టూ కొబ్బరిమట్టల దడి ఉండేది. ఏటా వానలకి ముందు ఇద్దరు మనుషులొచ్చి పాత దడి ఊడదీసి కొత్తది కట్టి వెళ్ళేవారు. పాతది అమ్మ పొయ్యిలోకి పోయేది. నాకేమో అది నామోషీ. 2019లో డాలస్‌లో ఉండే మా బావమరిది తను కొన్న ఇంటి ఫోటో ఒకటి పెట్టాడు. వీధివైపు నుంచి తీసింది. ఆరడుగుల ఎత్తున వరసగా సీడార్ చెక్కలు, ఒక్క వంకర లేదు. ఇక నేనాగలేదు.

సరుగుడు కర్రలు 55 కొన్నాను. తిన్నగా ఉంటాయి, చవక. పైగా స్లాబు సెంట్రింగ్‌కి వాడే కర్ర, అంత బరువు మోసేది నా కంచె మోయదా అని లెక్కేశాను. సెంట్రింగ్ కర్ర మోసేది మూడు వారాలేనన్న సంగతి తట్టలేదు. నాలుగడుగులకొకటి చొప్పున, అడుగున్నర గొయ్యి తీయించి చుట్టూ కాంక్రీటు పోయించాను. కర్ర ఇంకా పచ్చిగా ఉంది. ఆరనివ్వకుండానే బెరడు గీకించి తెల్ల పెయింట్ కొట్టించాను. అడ్డపట్టీలకీ పలకలకీ మామిడి చెక్క. వాట్సాప్ స్టేటస్ పెడితే ఊరంతా మెచ్చుకుంది. పక్కింటి బాబాయి మాత్రం ఒక కర్రని అటూ ఇటూ ఊపి చూసి "బాగుందిరా" అని వెళ్ళిపోయాడు. ఆయన అంత తక్కువ మాట్లాడినప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

రెండో వానాకాలంలో అమ్మ ఫోన్. "పక్కవాళ్ళ గేదె వీపు గోక్కుందిరా, మన కంచె పడిపోయింది."

గేదె మీద కోపంతో హైదరాబాద్ నుంచి బయల్దేరి వెళ్ళాను. వెళ్ళి చూస్తే 11 కర్రలు వరసగా పడున్నాయి. ఒకటి ఎత్తి చూశాను. పైన పెయింట్ చెక్కుచెదరలేదు. సరిగ్గా నేలమట్టం దగ్గర మాత్రం చెక్కిన పెన్సిల్ ములుకులా అయిపోయింది. చెయ్యి పెడితే పొడి రాలింది, పొడిలో చెదలు. కాంక్రీటు గుంటలో నీళ్ళు నిలిచి ఉన్నాయి. బాబాయి వచ్చి పక్కన నిలబడ్డాడు. "కర్ర ఎండలో ఉన్నా బతుకుద్ది, నీళ్ళలో ఉన్నా బతుకుద్దిరా. రెంటి మధ్యన పెడితేనే చచ్చిపోద్ది" అన్నాడు. ముందే చెప్పొచ్చుగా బాబాయ్ అంటే, "నువ్వు అడగలేదుగా" అన్నాడు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. కర్రని కుళ్ళబెట్టే ఫంగస్‌కి తడీ కావాలి, గాలీ కావాలి. చెరువు అడుగున మునిగిన మొద్దుకి గాలి అందదు, అటక మీది కర్రకి తడి అందదు. నేల దగ్గర జానెడు మేరే రెండూ దొరుకుతాయి. కాంక్రీటు దాన్ని కాపాడుతుందనుకుంటాం. కర్ర ఆరి సన్నబడ్డాక చుట్టూ సందు ఏర్పడుతుంది, ఆ సందులో నీళ్ళు దిగి కూర్చుంటాయి. కర్రకి మనమే గిన్నె కట్టి నీళ్ళు పోస్తున్నట్టు. బండ్లలో వాడి తీసేసిన ఇంజన్ ఆయిల్ పూయమని చాలామంది చెప్తారు. మిగిలిన కర్రలకి అదీ పూశాను. అమ్మ నెలరోజులు నన్ను తిట్టింది, చెదలు మాత్రం పట్టించుకోలేదు.

ఇక టేకు. టేకు అనగానే అందరూ కళ్ళు మూసుకుని డబ్బు కట్టేస్తారు. చెద తినకుండా నిలబడేది టేకు చేవ, అంటే మాను నడిమి ముదురు చెక్క, టేకు పేరు కాదు. లేత చెట్టు కోసి, సగం తెల్లచెక్క ఉన్న పలకలకి రంగు పూసి టేకని అంటగట్టే అడితీలు బోలెడు. పలక అంచు చూడండి, తేనె రంగు ఎంత ఉందో అంతకే డబ్బు. సొంత దొడ్లో చెట్టుంది కదా అని గొడ్డలి ఎత్తకండి, నీరు, భూమి, చెట్ల రక్షణకి తెచ్చిన వాల్టా చట్టం 2002 నుంచీ ఉంది, అనుమతి తీసుకోవాలి. నన్నడిగితే నల్లతుమ్మ చేవ టేకుకేమీ తీసిపోదు, ఒకప్పుడు బండి చక్రాలు చేసిన కర్ర అది. ఇప్పుడు కోయించడానికి వడ్రంగులు బద్ధకిస్తారు, రంపం అరిగిపోతుందట. మామూలు ఇనప మేకులు కొడితే తుమ్మ నల్లగా కారుతుంది, స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు వాడండి. మామిడి చెక్క జోలికి మాత్రం వెళ్ళకండి, అది పళ్ళ పెట్టెలకి సరిపోతుంది. వెదురు అందమే, కానీ కోసి నీళ్ళలో నానబెట్టకపోతే పుచ్చి పిండి రాలుతుంది.

ఇప్పుడు మా ఇంటికి సిమెంటు స్తంభాలు. వాటికి బోల్టులతో తుమ్మ అడ్డపట్టీలు, వాటి మీద పలకలు. పలక కింది అంచుకీ నేలకీ మధ్య మూడు అంగుళాలు ఖాళీ. పై అంచు ఏటవాలుగా కోయించాను, నీళ్ళు నిలవకుండా. గేదె ఇప్పటికీ వచ్చి గోక్కుంటోంది.

కంచె పడిన కొత్తలో బావమరిదికి ఫోన్ చేసి, మీ స్తంభాలు ఎన్నాళ్ళొస్తాయిరా, ఏ కర్ర అవి అని అడిగాను. వీడియో ఆన్ చేసి పెరట్లోకి నడిచాడు. లోపలివైపు చూస్తే వరసగా జింకు పూత పూసిన స్టీలు గొట్టాలు, చెక్కలన్నీ వాటికే బిగించి ఉన్నాయి. మరి ఆ ఫోటోలో ఇవి లేవేంరా అన్నాను.

"అటువైపు నుంచి తీస్తేనే బాగుంటుంది బావా" అన్నాడు.