వాలీ టిన్‌కి తగులుతోందా? రాకెట్ ముందే ఎత్తి ఉంచు

తమ్ముడూ, స్క్వాష్‌లో వాలీ (బంతి నేలకి తగలకముందే కొట్టే షాట్) కొడితే సగం టిన్‌కే (ముందు గోడ అడుగున ఉండే రేకు పట్టీకే) తగులుతున్నాయని, మిగతావి కోర్టు మధ్యలో పడి అవతలివాడికి సులువైపోతున్నాయని రాశావు. చేతి బలం సంగతి వదిలెయ్. షాట్ కొట్టి టీ (కోర్టు మధ్యలో గీతలు కలిసే చోటు) దగ్గరికి వచ్చేటప్పుడు రాకెట్ మోకాళ్ల దగ్గర వేలాడుతోందేమో చూసుకో. అది ఛాతీ ఎత్తున ఉండాలి, మణికట్టు బిగువుగా ఉండాలి. స్వింగ్ చిన్నదే, బంతి మాత్రం ఒంటికి ముందే తగలాలి. టిన్ ఎత్తు 48 సెంటీమీటర్లేగా అని డ్రాప్ (ముందు గోడ దగ్గరే పడేలా మెల్లగా కొట్టే షాట్) ఆశకి పోకు. ముందు గోడ మీద సర్వీస్ గీత 1.78 మీటర్ల ఎత్తున ఉంటుంది. దానికి కాస్త పైన కొట్టి, పక్కగోడ వెంబడే వెనక్కి పంపు, చాలు.

భుజం ఎత్తున వచ్చే క్రాస్‌కోర్టు (కోర్టుకి ఒక పక్క నుంచి అవతలి పక్కకి ఏటవాలుగా వెళ్లే) బంతిని అస్సలు వదలకు. గోడకి అతుక్కుని పోయేదాన్ని మాత్రం పోనీ. మన విజయనగరం ఎండలకి వేడెక్కిన బంతి వెనక గోడ నుంచి బాగానే తిరిగొస్తుంది.