పాత సీలెంట్ మీదే కొత్తది పూయొచ్చా?

ప్రశ్న: మా మోటార్‌హోమ్ (లోపల ఇల్లులా అమర్చిన వాహనం) పాతికేళ్ల నాటిది. వాన పడితే మంచం పక్క గోడకు చెమ్మ వస్తోంది. బయట అదే చోట గోడ కాస్త ఉబ్బింది. పైకప్పు అంచున, అతుకుల్లో నీరు దూరకుండా పూసే సీలెంట్ బీటలిచ్చింది. కిటికీ చుట్టూ పాత యజమాని సిలికాన్ సీలెంట్ పూశారు. దాని మీద ఇంకో పూత వేస్తే సరిపోతుందా?

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. సిలికాన్ మీద ఏదీ సరిగ్గా పట్టదు, కొత్త సిలికాన్ కూడా. ఒకవేళ పట్టినా, లోపలికి చేరిన తడి అక్కడే ఉండిపోయి చెక్కను కుళ్లబెడుతుంది.

ముందు కిటికీ ఫ్రేమ్ అడుగు చూడండి. అక్కడ సన్నటి చీలికలు ఉంటాయి. గాడిలో చేరిన వాన నీరు బయటికి పోయే దారులవి. సిలికాన్ పూసేటప్పుడు వాటిని కూడా మూసేస్తుంటారు. అప్పుడు గాడి నిండి నీరు లోపలికి పొర్లుతుంది. మీ విషయంలో నా మొదటి అనుమానం ఇదే.

అయితే చెమ్మ కనబడిన చోటే నీరు దూరిందని అనుకోలేం. పైకప్పు అంచున దూరిన నీరు గోడ లోపలి చట్రం వెంట జారి ఎక్కడో కింద తేలుతుంది. పైకప్పు, గోడ కలిసే అంచున బిగించిన పట్టీ మీది ప్లాస్టిక్ స్ట్రిప్ లాగి ఒక స్క్రూ విప్పండి. తుప్పు పట్టినా, బిగువు లేకుండా ఊరికే తిరుగుతున్నా లోపలి చెక్క తడిసిందనే లెక్క. ఉబ్బు ఉందంటే ఫైబర్‌గ్లాస్ పొర వెనక ప్లైవుడ్ నుంచి విడిపోయి ఉంటుంది. నొక్కితే మెత్తగా తగిలితే చెక్క మార్చక తప్పదు.

పట్టీ మొత్తం విప్పి, పాత సీలెంట్‌ను ప్లాస్టిక్ స్క్రేపర్‌తో గీకేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. పైకప్పు రబ్బరుదైతే పెట్రోలు, థిన్నరు తగలనివ్వకండి, రబ్బరు ఉబ్బిపోతుంది. ఆ తర్వాత ఆరబెట్టాలి. వారాలు పట్టినా సరే, తొందరపడొద్దు. తడిసిన గోడలో తేమ మీటరు చూపే అంకె, పొడి గోడ అంకెకు దగ్గరయ్యేదాకా సీల్ చేయకండి.

పట్టీ కింద బ్యూటైల్ టేప్ (మెత్తగా, జిగురుగా ఉండే రబ్బరు టేప్) వేసి, స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలతో బిగించండి. ఒకేసారి గట్టిగా బిగించొద్దు. బ్యూటైల్ నెమ్మదిగా బయటికి పొంగుతుంది. మర్నాడు మళ్లీ కాస్త బిగించి, పొంగినది కోసేయండి. ఆపైన సీలెంట్. పైకప్పు మీద తనంతట తాను పరుచుకునే రకం, నిలువు గోడకు జారని రకం వాడాలి.

సీలెంట్ పూర్తిగా గట్టిపడ్డాక లోపల ఒకరిని ఉంచి, పైపుతో నీళ్లు వదిలి చూడండి. కింది నుంచి మొదలుపెట్టి, ఒక్కో చోట కాసేపు ఆగుతూ పైకి వెళ్లండి. పైనుంచి మొదలుపెడితే నీరు అంతటా పారి, ఏ అతుకు కారుతోందో తెలియదు.